"ఆ తర్వాత" దగ్గర ఆగు

తమ్ముడూ,

వాన ఎలా పడుతుందో నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా ఉంది. కానీ నీళ్లు ఆవిరవుతాయి, ఆ తర్వాత మబ్బవుతాయి, ఆ తర్వాత వాన కురుస్తుంది అని మూడు ముక్కల్లో తేల్చేశావు. ఒకదాన్నుంచి ఇంకోటి ఎలా వచ్చిందో ఎక్కడా లేదు, నేను వెతుక్కున్నది అదే.

మబ్బులో ఉండే నీటి బిందువు అడ్డంగా కొలిస్తే సుమారు 0.02 మిల్లీమీటర్లు, ఓ మోస్తరు వానచినుకు 2 మిల్లీమీటర్లు. వంద రెట్లే కదా అనుకుంటాం, కానీ పొడవూ వెడల్పూ ఎత్తూ మూడూ వంద రెట్లు పెరగాలి కాబట్టి ఒక్క చినుకు కోసం దాదాపు 10 లక్షల బిందువులు కలవాలి. అంత చిన్న బిందువు తనంతట తాను నేలకి చేరదు, పైకి లేచే గాలే దాన్ని మోస్తుంటుంది. మరి 10 లక్షలు ఎలా కలిశాయి? కాస్త పెద్దవి వేగంగా దిగుతూ దారిలో చిన్నవాటిని కలుపుకుంటాయి. బాగా చల్లటి మబ్బుల్లో అయితే మంచు పలుకులు చుట్టూ ఉన్న ఆవిరిని లాక్కుని బరువెక్కి, కిందికి వస్తూ కరుగుతాయి. వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది, నువ్వు సరిగ్గా ఇక్కడే దాటేశావు.

అందుకే "ఆ తర్వాత" అని రాసిన ప్రతిచోటా దాన్ని కొట్టేసి "అందువల్ల" అని పెట్టి పైకి చదువు. వాక్యం నిలబడకపోతే మధ్యలో ఏదో మనకే తెలియలేదన్నమాట. నాకూ జరిగింది. ఇనుముకి గాలీ నీరూ తగిలితే తుప్పు పడుతుందని రాసి ఊరుకున్నాను, ఉప్పునీళ్లలో ఇంకా త్వరగా పడుతుందెందుకని ఒకాయన అడిగితే జవాబు చెప్పలేకపోయాను. తుప్పు పట్టేటప్పుడు ఇనుములోంచి ఎలక్ట్రాన్లు కదులుతాయనీ, ఉప్పు కరిగిన నీళ్లలో విద్యుదావేశాలు తేలిగ్గా కదులుతాయి కాబట్టి ఆ పని చురుగ్గా సాగుతుందనీ అప్పుడు కూర్చుని చదివాను. ఆ వ్యాసం మొత్తం మళ్లీ రాశాను.

ఇంకొకటి. "సాంద్రీకరణం" అని పేరు పెట్టేసి ముందుకెళ్లిపోయావు. పైకి లేచిన గాలి చల్లబడితే అందులోని ఆవిరి దుమ్ము మీదా ఉప్పు రేణువుల మీదా నీరుగా పేరుకుంటుందని ముందు చూపించు, పేరు తర్వాత చెప్పొచ్చు.

టెన్షన్ పడకు, మొదలూ చివరా ముట్టుకోవద్దు. మబ్బుకీ చినుకుకీ మధ్య ఉన్న ఆ ఒక్క పేరా తిరగరాసి పంపు, ఆదివారం చదువుతాను.