ఒక పేట స్వభావాన్ని పట్టుకునే పని: ఏం చదవాలి, ఎక్కడ ఉద్యోగాలుంటాయి?

ప్రశ్న: నేను బీఏ సోషియాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఒక పాత పేటను తీసుకుని, వంద మందితో ప్రశ్నావళి నింపించి, గ్రాఫులతో రిపోర్టు రాశాను. 'పేట పేరు మారిస్తే ఇది ఎక్కడికైనా సరిపోతుంది' అంటూ మా గైడ్ వెనక్కి ఇచ్చేశారు. కానీ ఒక ప్రాంతానికి మాత్రమే ఉండే స్వభావం ఏమిటో తెలుసుకునే ఈ పని నాకు చాలా నచ్చింది. దీన్నే కెరీర్‌గా తీసుకోవచ్చా? ఏ కోర్సు చదవాలి? 'ఇది కూడా ఉద్యోగమేనా' అని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

జవాబు: ముందు మీ రిపోర్టు సంగతి చూద్దాం. కోర్సు ఎంపికకు కావలసిన ఆధారం కూడా అందులోనే ఉంది.

'ఇక్కడి సౌకర్యాలు ఎలా ఉన్నాయి: బాగున్నాయి, పర్వాలేదు, బాగాలేవు' అని అడిగితే ఏ పేటలోనైనా ఇంచుమించు అవే జవాబులు వస్తాయి. ఒక అభిప్రాయం ఎంతమందికి ఉందో ప్రశ్నావళి చెప్పగలదు. మీరు ముందుగా ఊహించని సంగతికి మాత్రం అందులో గడి ఉండదు. ఒక పేట ప్రత్యేకత చాలాసార్లు అలా గడి లేని చోటే ఉంటుంది.

అమెరికాలో పట్టణ ప్లానర్ కెవిన్ లించ్ చేసిన పని మీకు బాగా ఉపయోగపడుతుంది. బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్ నగరాలు అక్కడి జనం మనసులో ఎలా ఉన్నాయో తెలుసుకోవాలనుకున్నాడు. కాగితం ఇచ్చి మ్యాపు గీయమన్నాడు, రోజూ వెళ్లే దారిని వర్ణించమన్నాడు. ఆ సమాధానాల్లోంచి దారులు, అంచులు, ప్రాంతాలు, కూడళ్లు, ఆనవాళ్లు అనే 5 అంశాలు తేల్చి 1960లో ప్రచురించాడు. పట్టణ ప్రణాళిక విద్యార్థులు ఇప్పటికీ అవి చదువుతారు. వివరంగా మాట్లాడింది బోస్టన్‌లో సుమారు 30 మందితో, మిగిలిన రెండు చోట్లా 15 మంది చొప్పున మాత్రమే. మనుషులు తక్కువే అయినా ప్రశ్నలు లోతైనవి. అందులో ఒక లోపం కూడా ఉంది. ఆయన మాట్లాడినవాళ్లు ఎక్కువగా చదువుకున్న, మంచి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు. దాన్ని ఆయనే ఒప్పుకున్నాడు.

మీరు కూడా మళ్లీ వెళ్లి ఇలాంటి ప్రశ్నలు అడగండి. ఈ పేట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? కొత్తగా వచ్చేవాళ్లకు మీ ఇంటికి దారి ఎలా చెబుతారు? మీరు అసలు అడుగు పెట్టని వీధి ఏది, ఎందుకని? ఏది పోతే ఇది ఇక ఈ పేట కాదనిపిస్తుంది? హద్దుల విషయంలో ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఒకరిది తప్పని కొట్టేయకండి. ఎవరు ఎవర్ని 'మనవాళ్లు' అనుకుంటున్నారో ఆ తేడాలోనే బయటపడుతుంది. వీలైతే కూర్చోబెట్టి అడగడం కంటే వాళ్లతో కలిసి నడవండి. ఒక గోడ దగ్గరికి వచ్చాక గుర్తొచ్చే విషయం కుర్చీలో ఉంటే గుర్తుకు రాదు.

మాటలతో పాటు చూపు కూడా కావాలి. 1970ల్లో అమెరికన్ రచయిత, పరిశోధకుడు విలియం వైట్ న్యూయార్క్ వీధుల్ని, కూడళ్లని కెమెరాతో గమనించాడు. నిలబడి మాట్లాడుకునేవాళ్లు జనం రాకపోకలకు దూరంగా, పక్కకు జరుగుతారని అనుకున్నాడు. తీరా చూస్తే చాలామంది ఆ రాకపోకల మధ్యలోనే నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఇంటర్వ్యూలో అడిగితే ఇలాంటిది ఎవరూ చెప్పరు. అందుకే ఒకే చోటును పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, సెలవు రోజున చూసి, ఎవరు ఎక్కడ ఎంతసేపు ఉన్నారో మ్యాపు మీద గుర్తు పెట్టుకోండి. పాత మ్యాపులు, ఫొటోలు, ఆస్తి రికార్డులు కూడా వెతకండి. జ్ఞాపకం ఒకటి చెప్పి కాగితం ఇంకొకటి చెబితే రెండూ రాసుకోండి.

ఎవరితో మాట్లాడుతున్నారన్నది అన్నిటికంటే ముఖ్యం. పేటలోకి వెళ్లగానే ముందు ఎదురయ్యేది పెద్దమనుషులు, సంఘం నాయకులు. వాళ్లు చెప్పేది ఒక కథ మాత్రమే. అద్దెకుండేవాళ్లు, పిల్లలు, ఇంట్లోంచి పెద్దగా బయటికి రాని స్త్రీలు, రాత్రి పనికి వెళ్లేవాళ్లు, అక్కడ ఉండకపోయినా రోజూ పనికి వచ్చేవాళ్లు చెప్పే పేట వేరు. వాళ్ల మాట లేని రిపోర్టును నేనైతే పూర్తయినట్టు ఒప్పుకోను.

ఈ రంగంలోకి రావాలంటే రెండు చరిత్రలు తప్పక తెలిసి ఉండాలి. అమెరికాలో నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఈ.బీ. డుబోయిస్ 1896 నుంచి ఫిలడెల్ఫియా నగరంలోని సెవెంత్ వార్డులో నివాసముండి, నల్లజాతి కుటుంబాల మధ్య ఇంటింటికీ తిరిగి సర్వే చేశాడు. బయటివాళ్లు వాళ్లందరినీ ఒకే గాటన కట్టి చూసేవారు. పని, ఆదాయం, జీవనం విషయంలో వాళ్ల మధ్య ఎన్ని తేడాలున్నాయో ఆయన 1899లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. తర్వాత 1930ల్లో అదే దేశంలో, ఇళ్ల రుణాల కోసం ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ కూడా పేటల మీద సర్వేలు చేయించింది. అక్కడ ఉండేవాళ్ల జాతి, ఆదాయం ఫారాల్లో రాసుకుని ఏ, బీ, సీ, డీ గ్రేడులిచ్చింది. నల్లజాతివాళ్లున్న పేటలకు దాదాపు ఎప్పుడూ 'డీ' గ్రేడు, అంటే అప్పు ఇవ్వడం ప్రమాదకరమన్న గ్రేడు ఇచ్చి, మ్యాపుల్లో ఎరుపు వేసింది. అదీ పేట స్వభావాన్ని రాసిన పనే, కానీ అక్కడివాళ్లకు వ్యతిరేకంగా. అందుకే ఎవరి కోసం రాస్తున్నాం, ఎవరి చేతికి వెళ్తుంది అన్నది మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న. రికార్డింగుకు ముందు సమ్మతి అడగండి, పేర్లు మార్చండి. ఎవరికైనా ఇబ్బంది తెచ్చే వివరం ఎంత ఆసక్తికరంగా ఉన్నా వదిలేయండి.

ఇక చదువు. పైన చెప్పిన పనుల్లో మిమ్మల్ని ఎక్కువ లాగేది ఏదో చూసుకోండి. మనుషులతో మాట్లాడటమే ఇష్టమైతే సోషియాలజీలో గానీ ఆంత్రపాలజీలో గానీ పీజీ. హద్దులు, మ్యాపులు అయితే జాగ్రఫీ లేదా జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసి విశ్లేషించే పద్ధతి). తెలుసుకున్నది మార్పుకు దారితీయాలనుకుంటే అర్బన్ ప్లానింగ్; సోషియాలజీ డిగ్రీతో అందులో చేరనిస్తారో లేదో సంస్థను బట్టి ఉంటుంది కాబట్టి అర్హతలు ముందే చూసుకోండి. పాత రికార్డులు, మౌఖిక చరిత్ర నచ్చితే చరిత్ర, ఆర్కైవ్స్, మ్యూజియాలజీ (మ్యూజియంల నిర్వహణ చదువు).

ఇంట్లోవాళ్ల సందేహం సబబైనదే. 'పేట పరిశోధకుడు' అని ఉద్యోగ ప్రకటన దాదాపు కనిపించదు. ఈ పని వేరే పేర్ల కింద ఉంటుంది: ప్లానింగ్ కన్సల్టెన్సీల్లో ప్రజలతో సంప్రదింపులు, ప్రాజెక్టులకు ముందు సామాజిక ప్రభావ అధ్యయనం, వారసత్వ కట్టడాల పరిరక్షణ, స్వచ్ఛంద సంస్థల ఫీల్డ్ రీసెర్చ్, మ్యూజియంలు, జర్నలిజం. మొదట్లో కాంట్రాక్టు పనులే ఎక్కువ, ఆదాయం ఒకే తీరుగా ఉండకపోవచ్చు. ఇది ఇంట్లో దాచకుండా చెప్పండి. దాంతో పాటు ఇంటర్వ్యూల విశ్లేషణ, ఉచితంగా దొరికే మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్, స్పష్టంగా రాయడం నేర్చుకుంటే యూజర్ రీసెర్చ్ (ఒక యాప్‌నో వస్తువునో జనం ఎలా వాడుతున్నారో తెలుసుకునే పని), మార్కెట్ రీసెర్చ్ ఉద్యోగాలకూ పనికొస్తాయని చెప్పండి.

ప్రాజెక్టుకు గడువు ఉంటే పేట మొత్తాన్ని వదిలి ఒక్క వీధికి పరిమితం కండి. వంద ఫారాలు పారేయకండి, ఎంతమంది అన్న లెక్కకు అవి పనికొస్తాయి. రకరకాల జీవితాలున్న పది పన్నెండు మందితో నడవండి, ఏ రోజు నోట్సు ఆ రోజే రాసేయండి. డ్రాఫ్టు సిద్ధమయ్యాక గైడ్ కంటే ముందు ఆ వీధివాళ్లకు చదివి వినిపించి, 'ఇది మీ వీధేనా? ఏం తప్పు రాశాను, ఏం వదిలేశాను?' అని అడగండి. వాళ్లు సరిదిద్దినవి విడిగా ఒక అధ్యాయంగా పెట్టండి. పీజీ ప్రవేశాలకు వెళ్లినప్పుడు, మొదటి ఉద్యోగానికి వెళ్లినప్పుడు చూపించాల్సింది ఆ రిపోర్టే.