సంఘం అంటే ఆగస్టు 12 శాలువాలేనా?

మీరు అడగండి, లైబ్రరీ మేడం చెప్తారు

ప్రశ్న: మేడం, ప్రకాశం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో మూడేళ్లుగా కాంట్రాక్ట్ లైబ్రేరియన్‌గా చేస్తున్నాను. సీనియర్లు లైబ్రేరియన్ల సంఘంలో చేరమని ఒకటే పోరు. ఆగస్టు 12న లైబ్రేరియన్ల రోజని గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారి ఫొటోకి దండ, రిటైరైన వాళ్లకి శాలువాలు, భోజనాలు, ఇవి తప్ప నాకేం కనపడలేదు. పోయిన నెల స్టాక్ వెరిఫికేషన్‌లో 37 పుస్తకాలు లేవని తేలింది, జీతంలో కోస్తామని ప్రిన్సిపాల్ గారు అంటున్నారు. సంఘం వాళ్లకి ఫోన్ చేస్తే చూద్దాం అన్నారు అంతే. చేరమంటారా?

జవాబు: ముందు ఆ 37 సంగతి తేలుద్దాం అమ్మా, మెంబర్షిప్ ఎక్కడికీ పారిపోదు. ప్రిన్సిపాల్ గారి రూముకి ఉత్త చేతుల్తో వెళ్లకండి. కేంద్ర ప్రభుత్వానికి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ అని ఉన్నాయి, 2017 వాటిలో రూల్ 215 ప్రింట్ తీసుకుని వెళ్లండి. ఏడాదిలో ఇష్యూ అయినవి, లైబ్రరీలో కూర్చుని చూసినవి కలిపి ప్రతి వెయ్యి పుస్తకాలకి 5 పోతే అది మామూలు నష్టం కింద లెక్క, లైబ్రేరియన్ మోసమో నిర్లక్ష్యమో ఉంటే తప్ప. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమో, అరుదైన పుస్తకమో పోతే మాత్రం విచారణ జరగాల్సిందే. ఇది కేంద్రం రూలు, మీ కాలేజీకి నేరుగా వర్తించకపోవచ్చు, కానీ గవర్నమెంటే ఇంత నష్టం సహజం అని ఒప్పుకున్నప్పుడు మీరొక్కరే ఎందుకు కట్టాలి అని అడగడానికి కాగితం ఉన్నట్టే కదా.

ఇప్పుడు మీ ఇష్యూ రిజిస్టర్ తీసి కూడండి. ఏడాదికి 8 వేలు దాటిందా, 40 దాకా ఓకే, మీ 37 అందులోనే సరిపోతాయి. దాటకపోతే టేబుల్ మీద చదివి వదిలేసి వెళ్లినవి ఎందుకు కలపలేదో ఆలోచించండి, వాటిని ఎవ్వరూ రాయరు, నేనూ రాసేదాన్ని కాదు. సాయంత్రం అటెండర్ వాటిని రాక్‌ల్లో సర్దేముందు లెక్కపెట్టించి ఒక నోట్‌బుక్కులో తారీఖు వేసి నంబర్ రాయండి, రెండు నిమిషాల పని. పోయిన ఏడాదికి ఇది పనికిరాదు, వచ్చే ఏడాది వెరిఫికేషన్‌కి మీ గొడుగు అదే.

నా సంగతి కూడా చెప్తా. సర్వీసులో చేరిన కొత్తలో నాకూ 11 పుస్తకాలకి జీతం కోశారు, నోరెత్తలేదు. రెండేళ్లకి వాటిలో నాలుగు తెలుగు డిపార్ట్‌మెంట్ బీరువాలో అడుగున దొరికాయి, ఎవరో లెక్చరర్ గారు రాయకుండా పట్టుకెళ్లారు. డబ్బు వెనక్కి రాలేదు, అది పోతే పోయింది, అసలు నష్టం వేరే జరిగింది. ఆ తర్వాత ఆరేడేళ్లు నేను ఖరీదైన రిఫరెన్స్ పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను, పిల్లలు అడిగితే రేపు రా అనేదాన్ని. పుస్తకాలు ఉన్నది వాడటానికి అని రంగనాథన్ గారు 1931లోనే మొదటి సూత్రంగా రాశారు, పరీక్షలో నేను దానికి ఫుల్ మార్కులు తెచ్చుకున్నదాన్నే! ఊళ్లలో తాళం వేసిన బీరువాలు చూసి లైబ్రేరియన్‌కి పని దొంగ అని పేరు పెడతారు, దాని వెనక ఈ రికవరీ భయం ఉందని ఎవరికీ తట్టదు.

అందుకే సంఘం మొదట పట్టుకోవాల్సింది పే స్కేలు కూడా కాదు, ఇది అంటాను. కొత్తగా చేరిన ప్రతి లైబ్రేరియన్ చేతికి ఈ రూళ్లు తెలుగులో నాలుగు పేజీలు, రికవరీ నోటీసు వస్తే రాయాల్సిన జవాబు నమూనా ఒకటి, ఫోన్ ఎత్తే మనిషి ఒకరు, ఇంతే. మరి ఎందుకు చెయ్యట్లేదు అంటారా, పదవుల్లో ఉన్నది నాలాంటి రిటైరైన వాళ్లో పర్మనెంట్ వాళ్లో, ఈ నోటీసులు వచ్చేదేమో మీలాంటి కాంట్రాక్ట్, అవుట్‌సోర్సింగ్ వాళ్లకి, మీరేమో రెన్యువల్ పోతుందన్న భయంతో సంఘం వైపే చూడరు. జిల్లా గ్రంథాలయ సంస్థ వాళ్లది ఒక గొడవ, కాలేజీ వాళ్లది ఒకటి, ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లది ఇంకొకటి, ఒక మీటింగులో మూడూ మొదలై ఏదీ తెగక టిఫిన్ టైమ్ అవుతుంది. చేరండి. చేరి తర్వాతి మీటింగులో సన్మానం కంటే ముందు మీ 37 పుస్తకాల ఐటెమ్ పెట్టమని రాసి ఇవ్వండి, మాటగా చెప్తే గాలికి పోతుంది.

ప్రశ్న: మేడం గారూ, మాది గుంటూరు జిల్లా పల్లె. మా ఊరి శాఖా గ్రంథాలయానికి రోజూ పేపర్ చదవడానికి వెళ్తాను. కొత్త పుస్తకం వచ్చి ఏళ్లయింది, అడిగితే ఫండ్స్ లేవంటారు. నేను లైబ్రేరియన్ని కాదు, రైతుని. సంఘంలో మాలాంటోళ్లకి చోటుంటుందా?

జవాబు: చోటా! అసలు ఈ సంఘాలు మీలాంటి వాళ్లు పెట్టినవే అన్నా. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం మొదలుపెడితే మొదటి మహాసభకి అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. ఆయన చేతిలో లైబ్రరీ డిగ్రీ లేదు, అప్పటికి మన దగ్గర అలాంటి డిగ్రీయే లేదు. 1935లో పాతూరి నాగభూషణం గారు మీ గుంటూరు వైపే పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలవలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. చదివేవాళ్ల సంఘం కాస్తా పోనుపోను ఉద్యోగుల సంఘం అయింది.

ఇక ఫండ్స్ సంగతి. ఇంటి పన్ను రసీదు బయటికి తీయండి, లైబ్రరీ సెస్ అని ఒక లైను కనపడుతుంది. 1960 చట్టం ప్రకారం రూపాయి పన్నుకి 8 పైసలు, అంటే ఇంటి పన్ను వెయ్యి అయితే దాని మీద ఇంకో 80 మీ లైబ్రరీ కోసం కట్టినట్టు. పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి పంపాలి, పుస్తకాలూ పేపర్లూ దాంట్లోంచే. చాలా చోట్ల వసూలైతే అవుతుంది, పంపడం దగ్గర ఆగిపోతుంది. గత మూడేళ్లలో ఎంత వసూలైంది, ఎంత పంపారు అని సమాచార హక్కు కింద పంచాయతీకి ఒక కాగితం పెట్టండి, గ్రామ స్థాయిలో దానికి ఫీజు కూడా లేదు. లైబ్రేరియన్ ఆ కాగితం పెట్టలేరు, పెడితే పైనుంచి ఫోన్లు వస్తాయి, మీరు పెట్టొచ్చు. జవాబు రాగానే ఒక జిరాక్స్ సంఘం వాళ్లకి ఇవ్వండి, పది ఊళ్ల లెక్కలు కలిస్తే కలెక్టర్ గారి ముందు మాట్లాడటానికి వాళ్లకీ నోరొస్తుంది.

ప్రశ్న: వరంగల్‌లో బి.లిబ్, అంటే లైబ్రరీ డిగ్రీ, చదువుతున్నా. ఏఐ వచ్చాక మా ఉద్యోగాలు ఉంటాయా? సంఘం ట్రైనింగ్ ఏమైనా ఇస్తుందా?

జవాబు: ఏఐ కంటే ముందు ఖాళీ పోస్టులు నింపకపోవడమే మిమ్మల్ని తినేస్తోంది బాబూ. ట్రైనింగ్ అంటే సంఘాలు ఒక రోజు వర్క్‌షాప్ పెట్టి సర్టిఫికెట్ ఇచ్చి పంపుతున్నాయి, అది చాలదు. కోహా అని లైబ్రరీ లెక్కలు చూసుకునే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, మీ ల్యాప్‌టాప్‌లోనే వేసుకుని మీ ఇంట్లో ఉన్న వంద పుస్తకాలు ఎక్కించి చూడండి, తప్పులు అక్కడే చేసేయండి. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ యూనివర్సిటీలకీ కాలేజీలకీ 30 మంది పబ్లిషర్ల జర్నల్స్ సుమారు 13 వేలు అందుబాటులోకి వచ్చాయి, అయినా మొన్న ఒక లెక్చరర్ నన్ను ఒక ఆర్టికల్ పీడీఎఫ్ ఎక్కడైనా దొంగతనంగా దొరుకుతుందా అని అడిగింది. వాళ్ల కాలేజీ ఆ స్కీములోనే ఉంది. ఆమె పక్కన కూర్చుని లాగిన్ చేసి చూపించడానికి పావుగంట పట్టింది, వాళ్ల లైబ్రేరియన్ పోస్టు నాలుగేళ్లుగా ఖాళీ.