పిల్లి తోక దగ్గర బొచ్చు ఊడిపోతుంటే ముందు ఫ్లీస్ (బొచ్చులో ఉండి రక్తం తాగే చిన్న పురుగులు) సంగతి చూడండి

మీ పిల్లికి తోక మొదట్లో, నడుం మీద బొచ్చు ఊడి చిన్న పొక్కులొచ్చాయి, 2 వారాల క్రితం ఫుడ్ మార్చినా తగ్గట్లేదు అన్నారు కదండీ, నాకైతే అది ఫ్లీస్ అలర్జీ లాగే ఉంది, తిండి అలర్జీ అయితే ఎక్కువగా మొహం, మెడ గోక్కుంటాయి. పురుగులు కనపడలేదంటారేమో, పిల్లి నాక్కుంటూ వాటిని మింగేస్తుంది, పైగా అలర్జీ ఉన్నదానికి ఒకటి రెండు కుట్టినా చాలు. సన్న పళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడి టిష్యూ మీద వేయండి, ఎర్రగా మరక దిగితే ఫ్లీస్ ఉన్నట్టే.

వెట్‌ని (పశువుల డాక్టర్‌ని) అడిగి బరువుకి తగ్గ, ఫ్లీస్‌ని చంపే సెలామెక్టిన్ లాంటి డ్రాప్స్ మెడ వెనక వేయండి, ఇంట్లో మిగతా పిల్లులకీ కుక్కకీ కూడా వాటి వాటి మందు వేయాలి, ఒక్కసారి వేసి ఆపేస్తే లాభం లేదు, ఫ్లీస్ గుడ్లు పరుపుల్లో, సోఫా సందుల్లో ఉంటాయి కాబట్టి నెలనెలా కనీసం 3 నెలలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకడం కూడా. కుక్కల డ్రాప్స్ మాత్రం పిల్లికి అస్సలు వద్దు, వాటిల్లో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకొస్తుంది. టీ ట్రీ ఆయిల్ కూడా విషమే, యూట్యూబ్ వాళ్లు ఏం చెప్పినా సరే.

గుండ్రంగా పొలుసులు లేచినా, ఇంట్లో ఎవరికైనా తామర వచ్చినా దురద తగ్గడానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించే ముందు ఫంగస్ టెస్ట్ చేయించండి. ఇవేవీ కాకపోతే అప్పుడు తిండి అనుమానించొచ్చు, కానీ 2 వారాల్లో తేలదండీ, వెట్ చెప్పిన ఒకే ఫుడ్ 8 వారాలు, మధ్యలో పాలూ చేపముక్కా ఏమీ పెట్టకుండా.