కొన్న ఆటలన్నీ ఆడి తీరాలా?

ప్రశ్న: నా వయసు 36. భార్య, నాలుగేళ్ల పాప. చిన్నప్పటి నుంచి కంప్యూటర్ గేమ్స్ అంటే ప్రాణం. సంపాదన మొదలయ్యాక, కంప్యూటర్ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో సేల్ వచ్చిన ప్రతిసారీ కొంటూ వచ్చాను. ఇప్పుడు లైబ్రరీలో 340 గేమ్స్ ఉన్నాయి, పూర్తి చేసినవి 31. ‘ఇట్ టేక్స్ టూ’, ‘ఓవర్‌కుక్డ్’, ‘పోర్టల్ 2’ లాంటివి ఇన్‌స్టాల్ కూడా చేయలేదు. ఏడాది క్రితం ఎక్సెల్‌లో లిస్టు వేసుకుని వరసగా ఆడటం మొదలుపెట్టాను. పాప పడుకున్నాక వారానికి ఆరు గంటలు దొరుకుతాయి. ఏది ఆడాలో తేల్చుకునేసరికి అరగంట పోతుంది. ఆడుతున్నా ఎప్పుడైపోతుందా అనే ధ్యాసే. అయినా సేల్ వస్తే కొనకుండా ఉండలేను. కొన్నవాటిలో కొన్ని మా ఆవిడకు చెప్పలేదు. కార్డు బిల్లు చూసి ‘ఇది అడిక్షన్’ అంటోంది. ఈ ఏడాదిలో మనసారా ఆడింది సెలవులకు తమ్ముడు వచ్చిన మూడు రాత్రులే. కొనడం మానేయాలా? డబ్బు పెట్టాను కదా, ముందు ఇవన్నీ పూర్తి చేయాలా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి తమ్ముడి గురించి రాసిన వాక్యం దగ్గర ఆగిపోయాను. ఇంత పెద్ద ఉత్తరంలో మీరు సంతోషంగా ఉన్నది అక్కడొక్కచోటే. దాని గురించి చివర్లో మాట్లాడుకుందాం. ముందు మీ ఆవిడ అన్న మాట సంగతి చూద్దాం, అది మీ మనసులో ముల్లులా ఉండిపోయినట్టుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ‘గేమింగ్ డిజార్డర్’ అనే సమస్య ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం జరుగుతోందని తెలిసినా ఆపలేకపోవడం దాని లక్షణాలు. ఇవి మామూలుగా ఏడాది పాటు కనిపిస్తేనే ఆ మాట వాడతారు. పాప పడుకున్నాక వారానికి ఆరు గంటలు, అదీ అయిష్టంగా ఆడే మనిషికి ఈ పేరు అతకదు. అలాగని మీ ఆవిడ మాట తీసిపారేయకండి. ఆమె చూసింది మీ ఆటను కాదు, మీ కొనుగోళ్లను. అదుపు తప్పింది అక్కడే. ఈ సేల్స్ కోసం అప్పు చేసే దాకా వెళ్లినా, ఇంటి ఖర్చులకు తీసి పెట్టిన డబ్బు ముట్టుకున్నా ఆలస్యం చేయకుండా సైకాలజిస్టును కలవండి. ఇంకొకటి కూడా అడగాలి. ఆటలు ఒక్కటేనా, పాపతో గడపడం, స్నేహితులను కలవడం, ఇష్టమైన తిండి కూడా రుచించడం లేదా? నిద్ర, ఆకలి మారి రెండు వారాలు దాటితే అది గేమ్స్‌తో ముడిపడిన విషయం కాదు, డాక్టరుకు చూపించుకోవాల్సిన విషయం.

ఇక ‘డబ్బు పెట్టాను కదా’ అన్న మాట. ఆ డబ్బు వెళ్లిపోయింది. స్టీమ్‌లో కొన్న గేమ్‌ను మళ్లీ అమ్ముకోలేరు, ఇంకొకరి ఖాతాకు మార్చలేరు. మీరు ఆడినా ఆడకపోయినా పోయిన రూపాయి తిరిగి రాదు. ఇప్పుడు మీ చేతిలో ఖర్చు పెట్టడానికి మిగిలింది ఆ ఆరు గంటలే. వాటిని కూడా ఇష్టం లేని ఆట మీద పెడితే రెండోసారి నష్టపోయినట్టు. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే పరిశోధకులు ఒహాయో విశ్వవిద్యాలయంలో నాటకాల సీజన్ టికెట్ల (ఆ సీజన్ నాటకాలన్నిటికీ కలిపి కొనే టికెట్) మీద ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరికి టికెట్లు పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు ఇచ్చారు. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు వచ్చారు. రెండో సగానికి ఆ తేడా పెద్దగా మిగల్లేదు. మీ లైబ్రరీకి ఇది రెండు రకాలుగా వర్తిస్తుందని నాకనిపిస్తుంది. చవగ్గా వచ్చినదాన్ని వాడాలనే పట్టుదల మొదట్నుంచీ తక్కువే. డబ్బు పెట్టామన్న బాధ తోసే తోపు కూడా ఎల్లకాలం ఉండదు. ఆ బాధను పట్టుకుని మీరు 309 ఆటలు పూర్తి చేయలేరు.

లెక్క కూడా వేద్దాం. ఒక్కో ఆటకు సగటున 15 గంటలు అనుకుంటే 309 ఆటలకు 4,635 గంటలు. వారానికి ఆరు గంటల చొప్పున దాదాపు 15 ఏళ్లు. మీ పాపకు అప్పటికి 19 నిండుతాయి. అదీ మధ్యలో ఒక్కటి కూడా కొత్తగా కొనకుండా ఉంటే. ఈ అంకె చూసి భయపడమని చెప్పడం లేదు. ఇది తీర్చాల్సిన అప్పు కానే కాదని ఒప్పుకోవడానికి ఈ లెక్క చాలు. ఇంట్లో బీరువా నిండా పుస్తకాలున్నంత మాత్రాన అన్నీ చదివి తీరాలని ఎవరూ అడగరు కదా.

అందుకే ఆ ఎక్సెల్ షీటు తీసేయమంటున్నాను. సేల్స్ కంటే మిమ్మల్ని ఎక్కువ నలిపింది అదేనని నా అభిప్రాయం. రాత్రి తొమ్మిదిన్నరకు పాపను పడుకోబెట్టి, లైటు తగ్గించి, కుర్చీలో కూర్చుని ముందు ఆ షీటు తెరుస్తున్నారు. ఎరుపు గడులు, పచ్చ గడులు, మిగిలిన గంటలు. పగలంతా ఆఫీసులో చేసి వచ్చిన పనే ఇది! షీటు బదులు స్టీమ్‌లోనే ‘ఇప్పుడు’ అని ఒక కలెక్షన్ పెట్టుకుని అందులో మూడు ఆటలే వేయండి, మిగతావి కంటికి కనపడకుండా దాచే వీలుంది. రెండు మూడు సాయంత్రాలు ఆడినా మనసు పట్టకపోతే ఆ ఆట తీసేసి ఇంకోటి పెట్టండి. సగంలో వదిలేయడం తప్పు కాదు.

కొనడం పూర్తిగా మానేయమని చెప్పను. అలాంటి ఒట్టు మొదటి సేల్‌కే విరిగిపోయి, మళ్లీ దాచిపెట్టడం మొదలవుతుంది. సేల్ అంటే వచ్చే టెన్షన్ మాత్రం అక్కర్లేదు. కొన్ని గంటలే ఉండే ‘ఫ్లాష్ డీల్స్’ను స్టీమ్ తన పెద్ద సేల్స్‌లో 2015 చివరి నుంచి ఆపేసింది. మొదటి రోజు ఎంత తగ్గింపో సాధారణంగా చివరి రోజూ అంతే. ఈసారి పోతే కొన్ని నెలల్లో ఇంకో సేల్ వస్తుంది. కాబట్టి నచ్చిన ఆటను విష్‌లిస్టులో పెట్టి సేల్ చివరి రోజు దాకా ఆగండి. ఆ రోజు రాత్రి దాన్ని ఆడటానికి కూర్చునే ఉద్దేశం ఉంటేనే కొనండి. తగ్గింపు వచ్చిందని ఫోన్‌కు, మెయిల్‌కు వచ్చే కబుర్లు ఆపేయండి. కొన్నాక తప్పయిందనిపిస్తే 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. ‘తర్వాత ఆడదాం’ అని పక్కన పెట్టేవాళ్లకు ఈ గడువు ఎప్పుడూ దాటిపోతుంది.

మీ ఆవిడకు చెప్పనివి ఉన్నాయన్నారు. అది ఈ వారంలోనే తేల్చేయండి. ఖాతాలో కొనుగోళ్ల చరిత్ర అనే పేజీ ఉంటుంది. దాన్ని ఆమె పక్కన కూర్చుని తెరవండి, మీరొక్కరే ముందుగా చూసుకుని నచ్చినంత చెప్పకండి. మొత్తం చూసి ఆమెకు కోపం వస్తుంది. రానివ్వండి, ‘సగం ధరకే వచ్చాయి’ అని మాత్రం అనొద్దు. ఆమె బాధ ధర గురించి కాదు, మీరు దాచారని. ఆ తర్వాత నెలకు ఎంత ఖర్చు పెట్టుకోవచ్చో ఇద్దరూ కలిసి ఒక మొత్తం అనుకోండి. అంత వరకు ఆమె అడగదు, మీరు దాచరు.

ఇప్పుడు తమ్ముడి దగ్గరకు వస్తాను. ఇన్‌స్టాల్ కూడా చేయలేదని మీరు రాసిన మూడు ఆటలూ మళ్లీ చూడండి. ‘ఇట్ టేక్స్ టూ’ ఒంటరిగా ఆడటానికి వీల్లేని ఆట, రెండో మనిషి లేకపోతే మొదలే కాదు. ‘ఓవర్‌కుక్డ్’లో మజా అంతా పక్కనున్నవాళ్లతో అరుచుకోవడంలోనే ఉంది. ‘పోర్టల్ 2’లో ఇద్దరి కోసమే వేరే కథ ఉంది. ఇవి కొన్నప్పుడు మీ మనసులో ఎవరున్నారో నేను చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు ఇంట్లో ఒకే కంప్యూటర్ ఉండి, ఒకరు ఆడుతుంటే ఇంకొకరు స్టూలు లాక్కుని పక్కన కూర్చుని ‘ఎడమకి, ఎడమకి’ అని అరిచిన రోజులు మీకూ ఉండే ఉంటాయి. సేల్‌లో ఆ రోజులు దొరకవు కాబట్టే ఎన్ని కొన్నా చాలడం లేదేమో ఆలోచించండి. నా ఊహ తప్పు కావచ్చు, కానీ 340 ఆటల్లో మూడు రాత్రులే గుర్తుండటం ఊరికే కాదు.

తమ్ముడు దూరంగా ఉన్నా ఇబ్బంది లేదు. ‘ఇట్ టేక్స్ టూ’కు ఫ్రెండ్స్ పాస్ అని ఉంది. మీ దగ్గర ఆట ఉంటే చాలు, ఆయన కొనకుండానే మీతో ఆడొచ్చు. ఒకే స్క్రీన్ మీద కలిసి ఆడే ఆటలకైతే దూరంగా ఉన్నవాళ్లతో ఇంటర్నెట్‌లో ఆడుకోవడానికి స్టీమ్‌లో 2019 నుంచి ‘రిమోట్ ప్లే టుగెదర్’ ఉంది, దానికీ రెండో కాపీ అక్కర్లేదు. ఈ శనివారం రాత్రి ఖాళీయేనా అని తమ్ముడికి ఫోన్ చేసి అడగండి, మెసేజ్ పెట్టి ఊరుకోకండి. ఆయన ఒప్పుకుంటే మీ ఆవిడకు ముందే చెప్పి, ఆట డౌన్‌లోడ్ శుక్రవారమే పెట్టేసి ఉంచండి.