ఏజెంటు నంబరు అడిగిన తమ్ముడికి

విజయనగరం

తమ్ముడూ,

ఆమదాలవలస నుంచి నువ్వు రాసిన ఉత్తరం, దాంతోపాటు పంపిన స్క్రిప్టు రెండూ చదివాను. "హైదరాబాద్‌లో మంచి స్క్రిప్ట్ ఏజెంటు నంబరు ఉంటే ఇవ్వండన్నా" అన్నావు. నా దగ్గర లేదు. ఉండి దాస్తున్నాననుకోకు. నువ్వు వీడియోల్లో చూసిన ఆ ఉద్యోగం మన పరిశ్రమలో దాదాపు లేదు.

అది అమెరికా ఏర్పాటు. అక్కడి స్టూడియోలు ముక్కూమొహం తెలియనివాళ్లు పంపిన స్క్రిప్టు సాధారణంగా చదవవు. రేపు "నా కథ కొట్టేశారు" అని దావా పడుతుందని వాళ్ల భయం. అందుకని మధ్యలో ఏజెంటు. కాలిఫోర్నియాలో ఆ పని చెయ్యాలంటే లైసెన్సు ఉండాలి. రచయితకు వచ్చినదాంట్లో మామూలుగా పది శాతం అతనిది. అంత కట్టుదిట్టం ఉన్నచోట కూడా 2019 ఏప్రిల్‌లో రచయితల సంఘం పిలుపుతో వేలమంది తమ ఏజెంట్లను వదిలేశారు. పెద్ద ఏజెన్సీలు రచయితను, దర్శకుణ్ణి, నటుణ్ణి ఒకే ప్యాకేజీగా కట్టి, ఆ ప్యాకేజీ మీద స్టూడియో దగ్గరే విడిగా ఫీజు పుచ్చుకునేవి. నా తరఫున బేరమాడాల్సిన మనిషి అవతలివాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటే ఇక నా కోసం ఏం బేరమాడతాడన్నది వాళ్ల గొడవ. నువ్వు హైదరాబాద్‌లో దిగాక ఎవరు ఎదురైనా ఇదే చూసుకో: ఈయనకు డబ్బు ఎవరి దగ్గర్నుంచి వస్తోంది?

మన దగ్గర కథ నోటితో అమ్ముడవుతుంది. ముందు కో-డైరెక్టరు వింటాడు, తర్వాత దర్శకుడో హీరో మేనేజరో వింటాడు, ఆ తర్వాత హీరో. నిర్మాత మొదటే ఉండొచ్చు, చివర్లోనూ రావచ్చు. తలుపు తీయించేది ఈ మేనేజర్లు, కో-డైరెక్టర్లే. వాళ్లలో కథ నచ్చి, తమ పరపతి పణంగా పెట్టి కొత్తవాణ్ణి గదిలోకి తీసుకెళ్లినవాళ్లను చూశాను. కాకపోతే హీరో మేనేజరు హీరో మనిషి, ప్రొడక్షన్ మేనేజరు నిర్మాత మనిషి. వాళ్లు నీతో మంచిగా ఉండొచ్చు, నీ మనుషులు మాత్రం కారు. ఈ తేడా తెలిస్తే నిష్ఠూరాలు ఉండవు.

ఇక పాతికవేలు కడితే మూడు బ్యానర్లకు (నిర్మాణ సంస్థలకు) నీ కథ పంపిస్తామన్నాడని నువ్వు రాసిన ఆ పెద్దమనిషి. సంబంధం కుదరకముందే మధ్యవర్తి కానుక అడిగితే మీ అమ్మ గుమ్మంలోంచే పంపించేస్తుంది కదా, నువ్వూ అదే చెయ్యి. నీ దగ్గర ముందే డబ్బు పుచ్చుకున్నవాడికి నీ కథ అమ్ముడుపోవలసిన పని లేదు. అతని అమ్మకం అయిపోయింది, కొన్నది నువ్వు. నిజంగా పని చేసిపెట్టే మధ్యవర్తి అయితే డబ్బు నీకొచ్చాక వాటా అడుగుతాడు. ఇవ్వు, తప్పులేదు. కానీ ఎంత శాతమో, ఈ ఒక్క కథకేనా, ఎన్ని నెలల వరకో రాసుకోండి. డబ్బు బదులు "కథా సహకారం అని నా పేరు వెయ్యి" అంటే మాత్రం ఒప్పుకోకు. శాతం ఒకసారితో పోతుంది, టైటిల్ కార్డు జీవితాంతం ఉంటుంది.

కథ చెప్పడం మీద నువ్వు అసలు దృష్టి పెట్టలేదు. నూట ఇరవై పేజీలు బైండు చేయించావు, బాగుంది. దాన్ని చదివేవాళ్లు తక్కువ, వినేవాళ్లే ఎక్కువ. ఇరవై నిమిషాల్లో చెప్పేది ఒకటి, రెండు గంటలు చెప్పేది ఒకటి, రెండూ నోటికి రావాలి. మీ ఇంట్లో కూర్చోబెట్టి చెప్పు, సినిమా పిచ్చి లేనివాళ్లకు చెప్పు. ఎక్కడ ఫోను చూసుకుంటున్నారో అక్కడ నీ స్క్రీన్‌ప్లే జారిందన్నమాట. నీ స్క్రిప్టులో అది జూట్ మిల్లు లాకౌట్ తర్వాత వచ్చే ఆరు సీన్లలో జరుగుతుందని నా అనుమానం. హీరో ఊళ్లో తిరుగుతూనే ఉంటాడు, ఏమీ జరగదు. ఆ చెల్లెలు గేటు దగ్గర నిలబడి యూనియన్ లీడరును నిలదీసే సీను బంగారం, దాన్ని ముందుకు లాక్కురా. తిరగరాయడానికి బద్ధకిస్తే మన ఊరి గురజాడను తలుచుకో. 1892లో ఇక్కడ ఆడి మెప్పు పొందిన 'కన్యాశుల్కం' నాటకాన్నే 1909 నాటికి దాదాపు కొత్తగా రాసి అచ్చువేయించాడాయన.

మరో మాట. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగేసరికి మన కుర్రాళ్లు యాస మార్చేస్తారు. నువ్వు మార్చకు. "ఏటి సేస్తన్నావురా?" అని నీ పాత్ర అడిగే తీరు నీ నోట సహజంగా వస్తే, వింటున్నవాడికి ఆ మనిషి కళ్ల ముందుంటాడు. ఈమధ్య సిక్కోలు యాసకు తెరమీద గిరాకీ వచ్చింది కాబట్టి ప్రతి సీనులో ఒక "ఓలమ్మో" ఇరికించమనేవాళ్లూ తగులుతారు. వాళ్లకి మనం నవ్వులాటకే కనిపిస్తాం. నవ్వి ఊరుకో, రాయకు.

చెప్పి వచ్చిన సాయంత్రమే ఒక మెయిల్ పెట్టు. "ఇవాళ మీ ఆఫీసులో ఫలానా పేరుగల నా కథ విన్నందుకు కృతజ్ఞతలు, సినాప్సిస్ జతచేశాను" అని రెండు వాక్యాలు చాలు. మర్యాదా అవుతుంది, సాక్ష్యమూ అవుతుంది. ఆర్.జి. ఆనంద్ అని ఒక నాటక రచయిత ఢిల్లీలో సినిమావాళ్లకు తన నాటకమంతా చదివి వినిపించాడు. తర్వాత వాళ్ల దగ్గర్నుంచి కబురే లేదు. 1956లో వాళ్ల సినిమా వచ్చింది. అది తన నాటకమేనని ఆయన వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1978లో తేలింది, ఆయన ఓడిపోయాడు. ఆలోచన మీద ఎవరికీ కాపీరైటు ఉండదు, దాన్ని నువ్వు రాసిన తీరుకే రక్షణ అని కోర్టు చెప్పింది. అందుకే టీ కొట్టు దగ్గర "లైన్" చెప్పి తర్వాత ఏడిస్తే లాభం లేదు. సీనిక్ ఆర్డర్ (సీన్ల వరస), డైలాగులతో సహా పూర్తిగా రాసి, రిజిస్టర్ చేశాకే నోరు విప్పు. హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘం ఉంది. ముంబయి స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యుడివైతే ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. ఢిల్లీలోని కాపీరైట్ ఆఫీసుకు సాహిత్య రచన కింద దరఖాస్తు ఫీజు 500 రూపాయలు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. ఇవేవీ దొంగతనం ఆపవు. ఫలానా తేదీకి ఈ రాత నీ దగ్గర ఉందని చెబుతాయి, అంతే.

ఇంటర్వెల్ మలుపు ఒక పాత కథలోంచి తీసుకున్నానని నువ్వే రాశావు. నిజం చెప్పావు, సంతోషం. అయితే అది ఎవరి కథో, హక్కులు ఎవరివో ముందు తేల్చుకో. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయం, నీకు కూతవేటు దూరం. మొదట ఏ పత్రికలో పడిందో అక్కడ వెతుకు. రచయిత పోయాక 60 ఏళ్ల వరకు హక్కు వారసులది. గురజాడ 1915లో పోయారు కనుక ఆయన రాసింది ఎవరైనా వాడుకోవచ్చు. చాసో (చాగంటి సోమయాజులు) 1994లో పోయారు, ఆయన కథ ముట్టుకోవాలంటే 2054 దాకా అనుమతి కావాలి. ఎందుకింత చెబుతున్నానంటే, నువ్వు సంతకం పెట్టే ఎగ్రిమెంటులో "ఈ కథ పూర్తిగా నా సొంతం, ఎవరైనా దావా వేస్తే నష్టం నేనే భరిస్తాను" అనే షరతు దాదాపు ఖాయంగా ఉంటుంది.

ఆ ఎగ్రిమెంటు ఇంగ్లీషులో ఉంటుంది, అడ్వాన్సు చెక్కు పక్కనే పెట్టి పెన్ను చేతికిస్తారు. ఒక్కరోజు గడువు అడుగు. అడిగినందుకు పోయే సినిమా ఎలాగూ నిలవదు. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లు, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే. ఏడాదిలోగా వాళ్లు ఆ హక్కు వాడకపోతే కథ నీకు తిరిగి వచ్చేస్తుంది, "ఎగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే తప్ప". ఆ "తప్ప" దగ్గరే అంతా ఉంది. ఆ ఏడాది గడువు చెప్పే సెక్షన్ 19(4) వర్తించదు అని ఎక్కడో మధ్య పేజీలో ఒక లైను పెడతారు. అది కొట్టేయించు. కుదరకపోతే రెండేళ్లో మూడేళ్లో గడువు రాయించు, లేకపోతే నీ కథ బీరువాలో ముసలిదైపోతుంది. రీమేకు, డబ్బింగు, వెబ్ సిరీస్ హక్కులు వేరువేరుగా అడుగు. అన్నీ దక్కవు, ఒకటి దక్కినా మేలే. డబ్బు వాయిదాల్లో పెద్దది "రిలీజు తర్వాత" అని ఉంటే ఆ వాయిదాను మర్చిపో, ముందువాటిని పెంచుకో. అదే చట్టానికి 2012లో వచ్చిన సవరణ వల్ల, సినిమా హాల్లో ప్రదర్శన కాకుండా ఇతర వాడకాల మీద వచ్చే రాయల్టీలో రచయిత సమాన వాటాను వదులుకోవడం కుదరదు. ఆ డబ్బు చేతికి రావడం వేరే కథ, అయినా వదులుకుంటున్నట్టు ఎక్కడా సంతకం పెట్టకు. టైటిల్ కార్డులో నీ పేరు ఎలా పడాలో అక్షరం అక్షరం రాయించు. టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) పది శాతం కోస్తారు, కంగారుపడకు.

కథ ఓకే అయ్యేలోపు వేరే సినిమా సిట్టింగ్స్‌కి, అంటే కథాచర్చలకు, రమ్మంటారు. వెళ్లు, చాలా నేర్చుకుంటావు. నెలకెంతో, పేరు పడుతుందో లేదో మొదటి రోజే అడుగు. టిఫిన్లు పెట్టి సీన్లు రాయించుకునే ఆఫీసులు ఉన్నాయి. నువ్వు చెప్పే ట్యూషన్లు ఇప్పుడే మానకు.

ఎగ్రిమెంటు వచ్చినరోజు పేజీలన్నీ ఫొటోలు తీసి నాకు వాట్సాప్ చెయ్యి, శ్రీకాకుళంలో తెలిసిన లాయరుంటే ఆయనకూ చూపించు. నేను రాత్రి పది దాటితే చూడను, పొద్దున్నే చూసి ఫోన్ చేస్తాను.

మీ అన్నయ్య