పడవ ముట్టుకాడులో, పక్షులు సూళ్ళూరుపేటలో

ప్రశ్న: సంక్రాంతికి నెల్లూరు నుంచి మా ఆడపడుచు పిల్లలతో చెన్నై వస్తోంది. పిల్లలకు పడవ ఎక్కాలనీ, ఫ్లెమింగోలను చూడాలనీ కోరిక. పులికాట్ వెళితే రెండూ ఒక్కరోజులో తీరతాయనీ, అక్కడ చేపల పడవవాళ్ళు తక్కువ డబ్బుకే తిప్పి తీసుకొస్తారనీ మా వారి స్నేహితుడు అంటున్నారు. డెబ్బై దాటిన మా అత్తగారు నీళ్ళ జోలికే వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: పులికాట్ పడవ విషయంలో నేను మీ అత్తగారి పక్షం. 2011 క్రిస్మస్ రోజున అక్కడ షికారుకు వెళ్ళిన పడవ తిరగబడి 22 మంది చనిపోయారు. చేపలు పట్టేవాళ్ళ నేర్పును నేను శంకించను. కానీ వాళ్ళ పడవలో వల ఎక్కడ పెడితే అక్కడే పడి ఉంటుంది. మనం అలా ఉండం. ఫొటో కోసం లేచి నిలబడతాం, పక్షి కనిపిస్తే అందరం ఒకే పక్కకు ఒరుగుతాం. సరస్సు చాలాచోట్ల లోతు తక్కువే అయినా, సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆటుపోట్ల లాగుడు మన మాట వినదు.

పడవ సరదా ముట్టుకాడులో తీర్చండి. ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద నగరానికి 36 కిలోమీటర్లు. తమిళనాడు పర్యాటక సంస్థ 1984లో పెట్టిన బోట్‌హౌస్. స్పీడ్ బోటు ఎక్కితే కేకలు తప్ప ఏమీ గుర్తుండవు, తెడ్ల పడవ అడగండి.

టికెట్టు కొన్నాక అసలు పని మొదలవుతుంది. లైఫ్ జాకెట్‌ను వయసును బట్టి కాకుండా బరువును బట్టి ఎంచుకోవాలి. బకిళ్ళన్నీ పెట్టి, పట్టీలు బిగించి, పిల్లవాణ్ణి చేతులు పైకెత్తమనండి. భుజాల దగ్గర పట్టుకుని జాకెట్‌ను పైకి లాగండి. చెవుల దాకా వచ్చిందంటే అది నీళ్ళలో తాను తేలుతుంది, పిల్లవాణ్ణి వదిలేస్తుంది. చిన్నవాళ్ళకు కాళ్ళ మధ్య నుంచి కట్టే పట్టీ ఉన్నది దొరుకుతుందేమో అడగండి. సరైన సైజు లేకపోతే ఎక్కించకండి. ‘కాస్త పెద్దదైతే ఏమవుతుందిలే’ అనే పెద్దమనిషి ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. ఆయనను ఒడ్డున సంచులకు కాపలా పెట్టండి. చున్నీలు, కొంగులు జాకెట్ లోపలికి దోపుకోవాలి.

అత్తగారిని బలవంతపెట్టవద్దు. దగ్గరలోనే దక్షిణచిత్ర ఉంది. దక్షిణాది పాత ఇళ్ళను తెచ్చి నిలబెట్టిన ఆ ఆవరణలో మన ఉత్తరాంధ్ర చుట్టిల్లు కూడా ఉంది. ఆవిడకు పడవకన్నా అదే నచ్చవచ్చు. మంగళవారం సెలవు, చూసుకోండి.

ఇక ఫ్లెమింగోలు. మీ ఆడపడుచు నెల్లూరు తిరిగి వెళ్ళే దారిలోనే సూళ్ళూరుపేట ఉంది కదా! మీరూ తోడు వెళ్ళాలనుకుంటే చెన్నై నుంచి అక్కడి దాకా లోకల్ రైళ్ళు ఉన్నాయి. శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సును దాటుకుంటూ పోతుంది. ఆ పక్షులు ముక్కు తలకిందులుగా పెట్టి, పల్చని నీళ్ళను జల్లించి తింటాయి. అలాంటిచోటికి పడవ రాదు, వచ్చినా మోటారు చప్పుడుకు అవి లేచిపోతాయి. ఉదయాన్నే రోడ్డు పక్కన నిలబడండి, ఎవరిదైనా బైనాక్యులర్ అడిగి తీసుకెళ్ళండి. పిల్లలకు ఓపిక మిగిలితే ఇంకాస్త ముందుకెళ్ళి, దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో చెట్ల మీద గూళ్ళు కట్టిన గూడబాతులనూ చూపించవచ్చు.

ముక్కనుమ నాడు మాత్రం ముట్టుకాడు వద్దు. ఆ రోజు కాణుం పొంగల్, చెన్నై మొత్తం నీళ్ళ ఒడ్డుకే వస్తుంది. ఇంకే రోజైనా పొద్దున్నే, ఎండ ముదరకముందే వెళ్ళండి.