అప్‌లోడ్‌లో లోపం బయటపడింది: ప్రాజెక్టును రెజ్యూమెలో ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న: మా ఊరి చుట్టుపక్కల జరిగే ఉచిత వైద్య శిబిరాలు, అన్నదానాలు, ముగ్గుల పోటీల వివరాలు ఒకేచోట దొరికేలా పీహెచ్‌పీ (సర్వర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష)తో ఒక వెబ్‌సైట్ తయారుచేశాను. నిర్వాహకులు పోస్టరునో, పీడీఎఫ్ కరపత్రాన్నో తామే అప్‌లోడ్ చేసుకోవచ్చు. గత వారం నా తరగతి మిత్రుడు ఫొటో బదులు ఒక పీహెచ్‌పీ ఫైలును ఎక్కించి, మొదటి పేజీనే మార్చి చూపించాడు. ఈ ప్రాజెక్టును రెజ్యూమెలో నుంచి తీసేయమంటారా? 60 వేల రూపాయల సైబర్ సెక్యూరిటీ కోర్సులో చేరమంటారా?
– బీటెక్ మూడో సంవత్సరం విద్యార్థి, కాకినాడ

జవాబు: ప్రాజెక్టును తీసేయవద్దు, కోర్సులో ఇప్పుడే చేరవద్దు. అంతకంటే ముందు ఈ రోజే అప్‌లోడ్ సదుపాయాన్ని ఆపివేసి, సర్వర్‌ను పూర్తిగా తుడిచి, మీ దగ్గర ఉన్న అసలు కోడ్‌తో మళ్లీ నిలబెట్టి, డేటాబేస్ పాస్‌వర్డుతో సహా అన్ని పాస్‌వర్డులనూ మార్చండి. ఎక్కిన ఒక్క ఫైలును తొలగిస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. అది నడిచిన కాసేపట్లో మరెక్కడ ఏమి పెట్టిపోయిందో మీరు చెప్పలేరు.

మీ లేఖతో పంపిన కోడ్ చూశాను. ఫైలు పేరులో ‘జేపీజీ’ అనే అక్షరాలు ఎక్కడైనా ఉంటే చాలు, మీ కోడ్ దానిని ఫొటోగా ఒప్పుకుంటోంది. మీ మిత్రుడు పేరులో జేపీజీ పెట్టి చివర పీహెచ్‌పీ తగిలించాడు, తలుపు తెరుచుకుంది. పేరు మాత్రమే కాదు, ఇది ఫలానా రకం ఫైలు అని బ్రౌజర్ పంపే సమాచారం కూడా పంపేవాడి చేతిలోనిదే; వచ్చినవాడు తన గురించి తాను చెప్పుకున్నదానినే మీరు గుర్తింపు కార్డుగా తీసుకుంటున్నారు. ఫైలు మొదటి బైట్లను చూడడం కొంత మెరుగే గాని అదీ చాలదు, ఎందుకంటే మొదట జిఫ్ బొమ్మకు ఉండవలసిన ఆరు అక్షరాలు రాసి, వాటి కింద పీహెచ్‌పీ కోడ్ అతికించిన ఫైలు ఆ పరీక్షను దాటిపోతుంది.

నమ్మదగిన పద్ధతి ఏమిటంటే, వచ్చిన బొమ్మను సర్వర్‌లో ఒక ఇమేజ్ లైబ్రరీతో (బొమ్మలను చదివి రాసే సిద్ధమైన కోడ్‌తో) తెరిచి, పిక్సెళ్లను మాత్రమే తీసుకుని కొత్త ఫైలుగా మళ్లీ రాయించడం. దాచిపెట్టిన కోడ్ చాలావరకు అక్కడే రాలిపోతుంది. ఫోన్ కెమెరా ఫొటోలో పొందుపరిచే జీపీఎస్ స్థానం కూడా, మీరు ప్రత్యేకంగా ఉంచమంటే తప్ప, కొత్త ఫైలులోకి రాదు. శిబిరం నిర్వహించే గృహిణి తన ఇంట్లో తీసిన ఫొటో పెడితే ఆమె ఇల్లెక్కడో ఊరందరికీ తెలియనక్కరలేదు కదా. అయితే ఆ లైబ్రరీని కూడా గుడ్డిగా నమ్మరాదు: 2016లో ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రసిద్ధ సాధనంలోనే, ప్రత్యేకంగా తయారుచేసిన బొమ్మతో సర్వర్‌పై ఆదేశాలు నడిపించగల లోపం బయటపడి, ఇమేజ్‌ట్రాజిక్ అనే పేరుతో ప్రపంచమంతా మోగిపోయింది. కాబట్టి లైబ్రరీని ఎప్పటికప్పుడు తాజాపరచండి, తెరవడానికి ముందే కొలతలు చూడండి. డిస్కు మీద చిన్నదిగా కనిపించే బొమ్మ కూడా 20,000 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉంటే, పిక్సెల్‌కు నాలుగు బైట్ల లెక్కన విప్పేసరికి 1.6 జీబీ మెమరీ అడుగుతుంది. మీ చిన్న అద్దె సర్వర్ అక్కడే కూలబడుతుంది.

ఫైలుకు పేరు మీ సర్వరే పెట్టాలి, ఊహించలేని అక్షరాలతో. దానిని వెబ్‌లో నేరుగా తెరుచుకునే ఫోల్డర్‌కు బయట, కోడ్ నడిచే అవకాశమే లేనిచోట దాచాలి. పీడీఎఫ్‌ను మళ్లీ రాయించడం అంత తేలిక కాదు గనుక దానిని క్లామ్‌ఏవీ వంటి వైరస్ స్కానర్‌తో చూసి, పేజీలో తెరుచుకోకుండా డౌన్‌లోడ్ అయ్యేలా పంపండి, వీలైతే వేరే డొమైన్ (వెబ్ చిరునామా) నుంచి, లోపల హానికరమైనదేదైనా ఉన్నా అది మీ అసలు సైటును అంటకుండా. గూగుల్, గిట్‌హబ్ సంస్థలు వినియోగదారుల ఫైళ్లను తమ ముఖ్య చిరునామా నుంచి కాక ప్రత్యేక డొమైన్ల నుంచి అందించడానికి కారణం ఇదే. ఎస్‌వీజీ బొమ్మలను, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను అసలు తీసుకోవద్దు. ఎస్‌వీజీ చూడడానికి బొమ్మే గాని లోపల స్క్రిప్టు దాచగల పాఠ్యం, ముగ్గుల పోటీ పోస్టరుకు దాని అవసరం లేదు.

ఇవన్నీ చేసినా మిగిలే ప్రమాదం ఒకటుంది, నా దృష్టిలో మీ సైటుకు అన్నిటికంటే దగ్గరిది అదే. అన్నదానం పోస్టరులో విరాళాల క్యూఆర్ కోడ్‌ను మార్చేసి, తన యూపీఐ ఖాతాది పెట్టి ఎవరైనా అప్‌లోడ్ చేస్తే, ఏ స్కానరూ దానిని పట్టుకోలేదు, అది నిఖార్సయిన జేపీజీ గనుక. ప్రచురించే ముందు ఒక మనిషి చూసి, నిర్వాహకులకు ఫోన్ చేసి ఖరారు చేసుకునే పద్ధతి ఒకటి పెట్టండి.

ఇక మీ ఉద్యోగ విషయం. సర్టిఫికెట్ల వరుస కంటే ‘నా సైటులో ఈ లోపం ఉండేది, ఇలా బయటపడింది, ఇలా సరిచేశాను’ అని కోడ్ చూపుతూ చెప్పగల అభ్యర్థి వెంటనే గుర్తుండిపోతాడు. ఇంత చిన్న సదుపాయం మీద కూడా బ్యాకెండ్ (సైటు వెనుక సర్వర్‌లో నడిచే కోడ్ రాసే) ఉద్యోగానికైనా, అప్లికేషన్ సెక్యూరిటీ పరీక్షకుడి ఉద్యోగానికైనా అరగంట ప్రశ్నలు అడగవచ్చు. నా సలహా, ముందు బ్యాకెండ్‌లో గట్టిపడండి. కట్టడం తెలియనివాడు పగులును కనిపెట్టలేడు. సాధనకు పోర్ట్‌స్విగ్గర్ సంస్థ వెబ్ సెక్యూరిటీ అకాడమీ ఉచితంగా ఉంది, అందులో ఫైల్ అప్‌లోడ్‌కే ప్రత్యేక ల్యాబులున్నాయి. వెబ్ భద్రతపై పనిచేసే లాభాపేక్ష లేని సంస్థ ఒవాస్ప్ ఇదే అంశంపై ప్రచురించిన మార్గదర్శిని కూడా ఉచితమే. ఇవి రెండూ ముగించాక ఇంకా ఆసక్తి నిలిస్తే అప్పుడు కోర్సు మాట ఆలోచించండి. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) గుర్తింపు పొందిన, సైట్ల భద్రతను తనిఖీ చేసే ఆడిట్ సంస్థలలో ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించడం మాత్రం వచ్చే వేసవి నుంచే మొదలుపెట్టవచ్చు.

మీ మిత్రుడు మేలే చేశాడు గాని, అనుమతి లేకుండా ఇతరుల సైటుపై ఇదే పని చేస్తే 2000 నాటి ఐటీ చట్టంలోని 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది, మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఆ సంగతి అతనికి చెప్పండి. సైటును సరిచేశాక, మీ సొంత ల్యాప్‌టాప్‌లో దాని నకలు పెట్టి, అనుమతిని ఒక ఈమెయిల్‌లో రాసిచ్చి, మళ్లీ అతన్నే పిలిచి ప్రయత్నించమనండి.